క్రిస్మసు గడచిన పిమ్మట: చార్లెస్ డికెన్సు జీవితము

డిసెంబరు మాసము చివరి వారమున మన యిండ్లమీదను, దేవాలయములమీదను కాగితపు నక్షత్రములు వెలుగుచుండును. రంగుకాగితపు తోరణములును, మామిడాకులును, బంతిపూలును ద్వారములను అలంకరించుచుండును. జనవరి మాసము ప్రవేశించినతోడనే నక్షత్రము నెప్పుడు దింపవలెనను ప్రశ్న ప్రతి గృహమందును పుట్టును. పిల్లలు మరి నాలుగు దినము లుండనిమ్మందురు. పెద్దలు ఇక చాలునందురు. ఇంగ్లండు దేశమున దీనికొక వాడుక కలదు. క్రిస్మసు మొదలు పండ్రెండు దినములు గడచి, తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ వచ్చువరకు, అనగా జనవరి 5 లేక 6వ తేదివరకు, అలంకారము లుంచి, పిమ్మట తీసివేయుదురు. పూర్వకాలమున కొందరు ఫిబ్రవరి 2వ తేదివరకును వాని నుంచెడివారు. తోరణములు దింపుట సులభమే. వానితోకూడ మన హృదయములందలి దయాదాక్షిణ్యములనుగూడ దింపి పెట్టెలో పెట్టి తాళము వేయుదుమా యనునదే కష్టమైన ప్రశ్న. ఈ ప్రశ్నను తన రచనలయందును, తన జీవితమందును పలుమారు ఎదుర్కొనిన యొక గ్రంథకర్త చరిత్రమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాను.

చార్లెస్ డికెన్సు 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదిని దక్షిణ ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవుపట్టణమున జన్మించెను. అతని తండ్రియగు జాన్ డికెన్సు నౌకాశాఖ జీతముల కచేరిలో గుమాస్తా. ఆయన సరసుడు, స్నేహశీలుడు. కాని వచ్చిన జీతమునకు మించి వ్యయముచేయువాడు. కుటుంబము కొంతకాలము చాతము పట్టణమున నివసించెను. అచ్చట బాలుడు పాఠశాలకు పోయి, తండ్రి గ్రంథములను చదువుకొనుచు సుఖముగా నుండెను. పిమ్మట కుటుంబము లండను చేరెను, అప్పులు పెరిగెను. ఇంటిలోని పుస్తకములు మొదలుకొని ఒక్కొక్క వస్తువే కుదువకు పోయెను.

1824వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, పండ్రెండేండ్లు నిండిన కొన్ని దినములకే, ఆ బాలుడు థేమ్సు నది యొడ్డున నున్న బూట్ల నల్లరంగు తయారుచేయు కర్మాగారమున పనికి చేర్పబడెను. ఎలుకలు తిరుగు ఆ పాత భవనములో కూర్చుండి, రంగు డబ్బాలమీద కాగితము కప్పి, దారము కట్టి, చీటి అంటించుట అతని పని. వారమునకు ఆరు షిల్లింగులు కూలి. అదే మాసమున అతని తండ్రి అప్పులు తీర్చలేక మార్షల్సీ యను ఋణగ్రస్తుల చెరసాలలో పెట్టబడెను. తల్లియు చిన్నపిల్లలును పిమ్మట ఆ చెరసాలలోనే కాపురముండిరి. చార్లెసు మాత్రము వెలుపల అద్దెగదిలో ఒంటరిగా నుండి, తన కూలిడబ్బులను వారము దినములకు సరిపోవునట్లు పంచుకొని, రొట్టె కొనుక్కొని తినుచుండెను. సుమారు మూడు మాసములకు తండ్రి విడుదలయ్యెను. ఆ పిమ్మటగూడ తల్లి కుమారుడు పనిలోనే యుండుట మంచిదని తలచెను. తండ్రి అంగీకరింపక అతనిని మరల పాఠశాలకు పంపెను.

ఈ దినములు డికెన్సు మనస్సునుండి ఎన్నడును తొలగలేదు. అయినను ఆయన వానినిగూర్చి బహిరంగముగా చెప్పుకొనలేదు. ప్రాణమిత్రుడగు జాన్ ఫార్‌స్టరునకు మాత్రము తెలిపెను. ఆయన మరణానంతరము ఫార్‌స్టరు వ్రాసిన జీవితచరిత్రము వెలువడినప్పుడే లోకమునకు ఆ సంగతి తెలిసెను. ధనవంతుల యిండ్ల కిటికీలలో పండుగదీపములు వెలుగుచుండగా వీధిలో నిలువబడి చూచు బాలునిగూర్చి వ్రాయుటకు ఆయనకు ఊహాశక్తియే కాక జ్ఞాపకశక్తియు తోడ్పడెననుట నిశ్చయము.

పాఠశాల చదువు రెండుమూడు సంవత్సరములలో ముగిసెను. 1827లో న్యాయవాదుల కచేరిలో గుమాస్తాగా చేరి, రాత్రులయందు శీఘ్రలిపిని స్వయంకృషితో నేర్చుకొనెను. ఆ విద్యవలన న్యాయస్థానములలోను, తరువాత పార్లమెంటులోను ఉపన్యాసములు వ్రాసికొను విలేఖరి యయ్యెను. 1836లో తన తొలి గ్రంథమును ప్రకటించి, ఆ సంవత్సరమే కాథరిన్ హోగర్తు అను కన్యను వివాహమాడెను. అదే సంవత్సరమున పిక్‌విక్కు కథను నెలనెలకు భాగములుగా వెలువరింప నారంభించెను. అందు పల్లెటూరి క్రిస్మసు వేడుకలు వర్ణింపబడినవి. ఇరువదియైదేండ్ల ప్రాయమునకే ఆయన పేరు దేశమంతట మారుమ్రోగెను.

1843వ సంవత్సరము ఆయన జీవితములో ముఖ్యమైనది. గనులలోను, కర్మాగారములలోను పనిచేయు పిల్లల స్థితినిగూర్చి ప్రభుత్వ విచారణసంఘమువారు ఆ యేట ఒక నివేదికను ప్రకటించిరి. దానిని చదివి డికెన్సు కలతచెంది, పేదబిడ్డల పక్షమున ఒక చిన్న కరపత్రము వ్రాయుదునని తలచెను. మరల ఆ తలంపు మార్చుకొనెను. సెప్టెంబరులో ఆయన లండను నగరమందలి ఫీల్డు లేన్ అను చోట నిరుపేద పిల్లలకొరకు నడుపబడు చినిగినబట్టల పాఠశాలను దర్శించెను. దానికి ఆ పేరు వచ్చుట అందలి విద్యార్థుల వస్త్రములనుబట్టియే. మలినమైన గదులలో, దొంగతనమే జీవనోపాధిగా పెరిగిన పిల్లలకు ఉపాధ్యాయులు ఓపికతో అక్షరములు నేర్పుచుండిరి. అక్టోబరులో మాంచెస్టరు పట్టణమున పనివారి విద్యాసంస్థకొరకు ఉపన్యసించెను. ఆ దినములలోనే ఆయనకు ఒక కథ తోచెను. కరపత్రముకంటె కథయే హృదయమును గట్టిగా తాకునని ఆయన గ్రహించెను.

అప్పటికే మరియొక నవల నెలనెలకు వ్రాయుచున్నను, సుమారు ఆరువారములలో ఆయన ఈ కథను ముగించెను. రాత్రివేళ లండను వీధులలో క్రోసులకొలది నడచుచు, దానిని తలంచుకొని నవ్వుచు నేడ్చుచు నుండెనని మిత్రులకు వ్రాసిన లేఖలవలన తెలియుచున్నది. క్రిస్మసు కారల్ అను ఆ చిన్న పుస్తకము 1843 డిసెంబరు 19వ తేదిని ప్రకటింపబడెను. వెల ఐదు షిల్లింగులు. మొదట ముద్రించిన ఆరువేల ప్రతులును క్రిస్మసు ముందటి దినమునకే చెల్లిపోయెను. అయినను చిత్రపటములకును, మంచి కట్టడమునకును వ్యయము మిక్కుటమగుటచే, వేయి పౌనుల లాభము నాశించిన డికెన్సునకు ఆ ప్రతులవలన సుమారు 230 పౌనులే వచ్చెను. ఆ కథను దొంగతనముగా అచ్చువేసినవారిమీద మరుసటి జనవరిలో ఆయన వ్యాజ్యము వేసి గెలిచెను. ఓడినవారు దివాలా తీయగా, గెలిచినవాడే దాదాపు 700 పౌనుల ఖర్చు భరింపవలసి వచ్చెను.

కథ మన విద్యార్థులలో పెక్కుమందికి తెలిసినదే. స్క్రూజి యను పిసినారి వర్తకుడు క్రిస్మసును వ్యర్థమైన వేడుకగా తలచి, గుమాస్తాయగు బాబ్ క్రాచిట్టునకు ఆ యొక్క దినము సెలవిచ్చుటకే సణుగును. ఆ రాత్రి చనిపోయిన భాగస్వామి ఆత్మయు, పిమ్మట మరి మూడు ఆత్మలును అతనికి కనబడి, గతమును, వర్తమానమును, రాబోవుదానిని చూపును. గతములో అతనికి కనబడిన దృశ్యములలో ఒకటి వసతిగృహమున నివసించు మన పిల్లలు ప్రత్యేకముగా గమనింపదగినది: తోడి విద్యార్థులందరు సెలవులకు ఇండ్లకు పోగా, పాఠశాలలో ఒంటరిగా మిగిలి పుస్తకము చదువుకొనుచున్న బాలుడు. ఆ బాలుడు స్క్రూజియే. కఠినుడైన వృద్ధునియందుగూడ ఒకప్పుడు ఎవరును పిలువని పిల్లవాడు ఉండెనని గ్రంథకర్త తెలిపెను.

రెండవ ఆత్మ వర్తమాన క్రిస్మసునకు సంబంధించినది. అది పచ్చని ఆకుతీగలతో అలంకరింపబడిన గదిలో మహాకాయముతో, నవయౌవనముతో ప్రకాశించుచుండును. కాని స్క్రూజితో తిరుగుచుండగా అది క్రమక్రమముగా ముసలిదగును. చివరకు పండ్రెండవ రాత్రి పిల్లల వేడుకనుండి వెలుపలికి వచ్చునప్పటికి దాని జుట్టు నెరసియుండును. పండుగయొక్క ఆయుష్షు అంతే. అలంకారములు దింపు దినమున ఆ ఆత్మ భూమిని విడచిపోవును. పోవుటకు ముందు అది తన వస్త్రము తొలగించి, తన పాదములయొద్ద దాగియున్న ఇద్దరు దీనశిశువులను చూపును. ఒకని పేరు అజ్ఞానము, రెండవదాని పేరు దారిద్ర్యము. పండుగ పోయినను ఈ పిల్లలు పోరని ఆ దృశ్యముయొక్క భావము. ఫీల్డు లేన్ పాఠశాలలో డికెన్సు చూచిన ముఖములే ఇచ్చట కథలోనికి వచ్చినవి.

మరియొక విశేషము. స్క్రూజి మారిన మనస్సుతో క్రిస్మసు ఉదయమున మేల్కొని, టర్కీకోడిని పంపుట, దానమిచ్చుట, మేనల్లుని యింటికి పోవుట యనువానిని చేసెను. కాని అవి పండుగనాటి పనులు. ఆ దినమున ఎవరైనను కొంత ఉదారులగుదురు. అతనికి నిజమైన పరీక్ష డిసెంబరు 26వ తేదిని, కచేరి తెరచిన పిమ్మట వచ్చెను. ఆ ఉదయము గుమాస్తా ఆలస్యముగా వచ్చెను. పాత స్క్రూజి అయినచో జీతము కోసియుండును. క్రొత్త స్క్రూజి జీతము పెంచెను, కుంటివాడగు చిన్న టిమ్మునకు రెండవ తండ్రివంటివాడయ్యెను. మారుమనస్సు పండుగబల్లవద్ద గాక లెక్కపుస్తకమువద్ద ఋజువు కావలెనని డికెన్సు నిర్ణయించెను.

ఇక డికెన్సు తన గృహమందు క్రిస్మసును ఎట్లు ఆచరించెనో చూతము. ఆయన పెద్ద కుమారుడగు చార్లీ 1837 జనవరి 6వ తేదిని జన్మించెను. అందుచేత ఆ యింటిలో పండుగ డిసెంబరులో ముగియక, ఆ బాలుని జన్మదినమువరకు సాగుచుండెను. ధనికురాలును ధర్మాత్మురాలునగు కుమారి ఏంజెలా బర్డెట్ కూట్సు చార్లీకి పండ్రెండవ రాత్రి కేకును పంపుచుండెను. డికెన్సు స్వయముగా గారడీలు నేర్చుకొని, పిల్లలయెదుట టోపీలోనుండి వేడి పుడ్డింగును తీసి చూపెడివాడు. 1851లో టావిస్టాక్ గృహమునకు మారిన పిమ్మట, పిల్లల చదువుగదినే రంగస్థలముగా మార్చి, పండ్రెండవ రాత్రి నాటకము లాడించెను. 1857 జనవరి 6న అచ్చట ఆడిన మంచుసముద్రపు నాటకమును చూచుటకు లండనులోని ప్రముఖులు వచ్చిరి. తన పిల్లలకొరకు ఆయన 1846 మొదలు 1849 వరకు సులభమైన మాటలలో యేసుప్రభువు చరిత్రమునుగూడ వ్రాసెను. అది కుటుంబమునకే గాని ప్రకటింపదగదని చెప్పుటచే, 1934వ సంవత్సరమువరకు అచ్చుపడలేదు.

అయితే వేడుకలు సాగించినంతమాత్రమున క్రిస్మసు ఆత్మ నిలుచునా? డికెన్సు చేసిన పనుల తేదీలే దీనికి ఉత్తరము చెప్పును. 1847లో ఆయన కుమారి కూట్సు ధనసహాయముతో, చెరసాలలనుండియు వీధులనుండియు వచ్చిన దిక్కులేని యువతులకొరకు ఒక ఆశ్రమము నెలకొల్పి, సుమారు పదేండ్లు దాని కార్యములను తానే విచారించెను. 1853 డిసెంబరు చివర బర్మింగుహాము పట్టణమున ఒక విద్యాసంస్థకు సహాయముగా తన కథను బహిరంగముగా చదివెను. అందొక సభ పనివారికే ప్రత్యేకింపవలెననియు, వారివద్ద స్వల్ప రుసుము పుచ్చుకొనవలెననియు ఆయనయే కోరెను. లండనులోని గ్రేట్ ఆర్మండ్ వీధి బాలవైద్యశాల 1852లో పది మంచములతో స్థాపింపబడినది. ధనము చాలక కష్టపడుచుండెను. 1858 ఫిబ్రవరి 9వ తేదిని దానికొరకు జరిగిన విందులో డికెన్సు ఉపన్యసింపగా, ఒక్క రాత్రిలో మూడువేల పౌనులకు పైగా చందా వచ్చెను. ఏప్రిలు 15వ తేదిని ఆయన ఆ వైద్యశాలకొరకే క్రిస్మసు కారల్ కథను చదివెను. చదువరులు ఈ తేదీలను గమనింతురుగాక. అలంకారములు ఎప్పుడో దింపివేయబడినవి. ఇంగ్లండున వసంతము వచ్చినది. అయినను చిన్న టిమ్మువంటి రోగిబిడ్డలకొరకు క్రిస్మసు కథ చదువబడినది. ఆ వైద్యశాల నేటికిని రోగులైన పిల్లలకు సేవచేయుచున్నది.

సత్యము వ్రాయువాడు మంచిమాత్రమే వ్రాసి ఊరకుండరాదు. ఆ 1858వ సంవత్సరముననే డికెన్సు పదిమంది బిడ్డల తల్లియగు భార్యనుండి వేరుపడి, ఆ సంగతిని పత్రికలలో ప్రకటించి, ఆమెకు మిక్కిలి దుఃఖము కలిగించెను. లోకమంతటికి అగ్నిగుండము చుట్టు చేరిన కుటుంబమును చూపినవాడు తన యింటి మంటను ఆర్పుకొనెను. దయ అపరిచితులయెడల సులభముగాను, దగ్గరవారియెడల కష్టముగాను ఉండుట మానవస్వభావములోని లోపము. గొప్పవారియందు ఈ లోపము కనబడినప్పుడు దూషించుటకంటె, మన యిండ్లలో మనమెట్లున్నామో చూచుకొనుట మేలు.

భారతదేశముతోగూడ ఆయన దుఃఖమునకు సంబంధము కలదు. ఆయన రెండవ కుమారుడగు వాల్టరు పదునారేండ్ల ప్రాయమున, 1857లో, సైన్యోద్యోగమునకై భారతదేశమునకు పంపబడెను. ఆరేండ్లు కొలువుచేసి, అప్పులపాలై, వ్యాధిగ్రస్తుడై, సెలవుమీద స్వదేశమునకు పోవుచు, 1863 డిసెంబరు 31వ తేదిని కలకత్తాలో మరణించెను. అప్పటికి అతనికి ఇరువదిరెండేండ్లు. క్రిస్మసు పండ్రెండు దినములలోనే ఈ మరణము సంభవించినను, ఆ కాలపు ఓడలమీద వార్త లండనుకు చేరుటకు అయిదువారములకు పైగా పట్టెను. అది 1864 ఫిబ్రవరి 7న, తండ్రి జన్మదినముననే, ఆయనకు అందెను. వాల్టరు సమాధిఫలకము నేడు ఆ నగరమున సౌత్ పార్కు వీధి శ్మశానవాటికలో చూడవచ్చును.

అంతటి దుఃఖము కలిగినను డికెన్సు పండుగను విడువలేదు. కెంటు మండలమున గాడ్స్ హిల్ అను గృహమును ఆయన 1856లో కొనియుండెను. తాను చిన్నతనమున తండ్రితో నడచిపోవుచు, ఎంతో కోరికతో చూచిన యిల్లే అది. 1866 డిసెంబరు 26వ తేదిని తన పొలమును చుట్టుప్రక్కల పల్లెవారికి తెరచి, పరుగుపందెములు పెట్టి బహుమతు లిచ్చెను. సుమారు రెండువేలమంది కూలివారును, సైనికులును, నావికులును వచ్చిరి. అంత గుంపు చేరినచో అల్లరి తప్పదని కొందరు భయపడిరి. డికెన్సు వారిని నమ్మెను. వారును ఆ నమ్మకమును నిలుపుకొని, ఏ వస్తువును పాడుచేయక సాయంకాలమునకు ఇండ్లకు పోయిరి. గౌరవించినచో మనుష్యులు గౌరవార్హులగుదురనుటకు ఇది మంచి దృష్టాంతము.

1867, 1868 సంవత్సరములలో ఆయన అమెరికాలో సంచరించుచు పెక్కు పట్టణములలో తన రచనలను చదివెను. ఆ శ్రమవలన ఆరోగ్యము చెడెను. వైద్యులు వలదన్నను కొంతకాలము చదువుట మానలేదు. 1870 మార్చి 15వ తేదిని లండనులో చివరిసారిగా సభయెదుట నిలిచి, క్రిస్మసు కారల్ కథను, పిక్‌విక్కులోని న్యాయవిచారణ ఘట్టమును చదివి, జనులయొద్ద సెలవు పుచ్చుకొనెను. పిమ్మట మూడు మాసములైనను గడువకముందే, జూను 9వ తేదిని గాడ్స్ హిల్ గృహమున మరణించెను. ఆడంబరము వలదని ఆయన తన మరణశాసనమున కోరెను గనుక, జూను 14వ తేది ఉదయమున కొద్దిమంది బంధుమిత్రులు మాత్రము కూడి వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఆయన దేహమును సమాధిచేసిరి. తరువాత సమాధి తెరచియుంచబడగా, వేలకొలది జనులు వచ్చి పువ్వులు వేసిపోయిరి.

క్రిస్మసు పండుగను డికెన్సే కల్పించెనని కొందరనుట అతిశయోక్తి. ఆయన పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు ముందే అది ఆచరింపబడుచుండెను. ఆయన చేసినది వేరు. పండుగనాటి ఒక్క దినపు దయను సంవత్సరములోని తక్కిన దినములకు అప్పుగా నిచ్చి, ఆ అప్పు తీర్పుడని జనులను అడుగుచుండెను.

విద్యార్థులారా, సెలవులు ముగిసి మీరు మరల తరగతులకు వచ్చినప్పుడు ఆ అప్పు తీర్చుట ప్రారంభమగును. సెలవులలో ఇంటికి పోలేక వసతిగృహమున మిగిలిపోయిన తోడివాడు మీ బల్లమీదనే కూర్చుండును. జీతము కట్టలేక చదువు మానబోవు పిల్లవాడు మీ వీధిలోనే యుండును. తల్లిదండ్రులారా, మీ యింట పనిచేయు చిన్నపిల్లవానికి అక్షరములు వచ్చునో రావో జనవరిలో ఒకసారి విచారింపుడు. ఉపాధ్యాయులమగు మేము ఆలస్యముగా వచ్చిన బాలుని బెత్తముతో గాక, ఏల ఆలస్యమయ్యెనను ప్రశ్నతో ఎదుర్కొనుట నేర్చుకొందుము. స్క్రూజి కచేరిలో డిసెంబరు 26వ తేది ఉదయమున జరిగినది అంతమాత్రమే. కాని దానివలన ఒక బిడ్డ బ్రదికెను.